ఇంటి కంప్యూటరుకు ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఎంపిక: జక్రాన్‌పల్లి ప్రాంతం

కంప్యూటరుకూ నెట్‌వర్క్‌కూ మధ్య జరిగే రాకపోకలను నియమాల ప్రకారం వదిలేదీ ఆపేదీ ఫైర్‌వాల్. కంప్యూటరులోకి వచ్చిన ఫైళ్లనూ, అందులో నడుస్తున్న ప్రోగ్రాములనూ పరీక్షించి హాని చేసేవాటిని పట్టుకునేది యాంటీవైరస్. మొదటిది దారిని చూస్తుంది, రెండోది సరుకును చూస్తుంది. ఇంటి కంప్యూటరుకు రెండూ కావాలన్న విషయంలో వాదన లేదు. వాటిని డబ్బు పెట్టి కొనాలా, ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చినవి సరిపోతాయా అన్నదే తేలాల్సిన సంగతి. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి వంటి మండల కేంద్రంలో దీనికి జవాబు ఏ కంపెనీ మంచిది అన్న దగ్గర మొదలుకాదు. ఆ కంప్యూటరులో ఏ విండోస్ ఉంది, దాన్ని ఎవరు వేశారు, ఎలా వేశారు అన్న దగ్గర మొదలవుతుంది.

ఇక్కడి కంప్యూటర్లు

జక్రాన్‌పల్లి 44వ జాతీయ రహదారి మీద, డిచ్‌పల్లికీ ఆర్మూరుకూ నడుమ ఉంది. పసుపు, మక్క, వరి పండే నేల. గల్ఫ్‌కు వలస పోయిన మనుషులున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల లెక్కలేనన్ని. ఇటువంటి చోట ఇళ్లలో కనిపించే కంప్యూటర్లు స్థూలంగా నాలుగు రకాలు. ఇంజనీరింగుకో డిగ్రీకో వెళ్లే పిల్లల ల్యాప్‌టాప్ ఒకటి. డిచ్‌పల్లిలో 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చాక, నిజామాబాద్‌లో ప్రైవేటు కాలేజీలు పెరిగాక ఇది మామూలైంది. దుబాయి, మస్కట్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు తెచ్చిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ రెండోది. మూడోది, ఇంటి ముందరి గదిలోనే ఆన్‌లైన్ సెంటరో డీటీపీ షాపో నడిపేవారి డెస్క్‌టాప్. 2011 నవంబరులో మీసేవ మొదలైన తరువాత ధ్రువపత్రాలు, దరఖాస్తుల పని చుట్టూ ఇటువంటి ముందరి గదులు ఊరూరా వెలిశాయి. నాలుగోది కమీషన్ వ్యాపారి ఇంట్లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు నడిచే యంత్రం. 2016 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు తొలి విడత మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. పసుపు బేరం తెర మీదికి మారిన తరువాత లెక్కలన్నీ చిట్టా పుస్తకంలోంచి కంప్యూటరులోకి వచ్చేశాయి.

ఈ నాలుగింటికీ ప్రమాదం ఒకే దారిలో రాదు. విద్యార్థి ల్యాప్‌టాప్‌కు క్రాక్ చేసిన ఆటలతోనూ సాఫ్ట్‌వేర్లతోనూ వస్తుంది. డీటీపీ యంత్రానికి పెన్‌డ్రైవ్‌తో, వ్యాపారి యంత్రానికి రూటరులో తెరిచి పెట్టిన పోర్టుతో వస్తుంది. గల్ఫ్ ల్యాప్‌టాప్‌కైతే అది వచ్చేటప్పుడే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఇంటికి రాగానే అందులోని డిస్కు చెరిపి విండోస్ కొత్తగా వేసుకోవడం ఏ యాంటీవైరస్ కన్నా ముందు చేయాల్సిన పని.

పెన్‌డ్రైవ్ కాలం

వ్యక్తిగత కంప్యూటర్లకు తొలి వైరస్‌గా పేరుపడ్డ బ్రెయిన్ 1986లో లాహోరులో పుట్టింది. అంజద్, బాసిత్ ఫారూఖ్ అల్వీ అనే అన్నదమ్ములు దాన్ని రాశారు. అది ఫ్లాపీ బూట్ సెక్టారులో దాక్కునేది. భారతదేశంలో యాంటీవైరస్ పరిశ్రమ 1990లలో, ఇంచుమించు రిపేరు బల్లల మీద పుట్టింది. చెన్నైలో కె7 కంప్యూటింగ్, పుణెలో కైలాశ్, సంజయ్ కాట్కర్ సోదరుల క్విక్ హీల్ అప్పటివే. కైలాశ్ మొదట కాలిక్యులేటర్లు, కంప్యూటర్లు బాగుచేసే పని చేసేవారు. రిపేరుకు వచ్చిన యంత్రాల్లో వైరస్‌లు చూసి తమ్ముడు మందు రాశాడు. ఈ పుట్టుక వల్లనే కావచ్చు, చిన్న పట్టణాల కంప్యూటర్ దుకాణాల్లో ఇప్పటికీ యాంటీవైరస్‌ను డబ్బాలో పెట్టి, ఒక యూజరు ఒక సంవత్సరం అనో మూడు సంవత్సరాలు అనో లెక్క చెప్పి అమ్ముతారు. నిజామాబాద్‌లో కంప్యూటరు కొంటే బిల్లులో ఆ డబ్బా కూడా చేరడం రివాజు.

తెలంగాణ పల్లెల వరకు వైరస్ అనే మాటను తెచ్చింది మాత్రం పెన్‌డ్రైవే. 2005 తరువాత దాదాపు పదేళ్లు ఇక్కడ ఇంటర్నెట్ కన్నా పెన్‌డ్రైవే ఎక్కువ తిరిగింది. పాటలు ఎక్కించుకోవాలన్నా, పెళ్లి కార్డు మ్యాటరు ఆర్మూరు ప్రెస్సుకు పంపాలన్నా, స్టూడియో నుంచి ఫొటోలు తెచ్చుకోవాలన్నా అదే. లోపల ఆటోరన్ ఫైలు ఒకటి, ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాము ఒకటి. ఫోల్డరే కదా అని డబుల్ క్లిక్ చేస్తే పని అయిపోయినట్టే. తరువాతి రకం వైరస్‌లు అసలు ఫైళ్లను దాచేసి వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టేవి. ఫైళ్లు పోయాయని ఏడ్చి, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ కొట్టించి, అప్పటిదాకా నిజంగా ఉన్న ఫైళ్లను తమ చేతులతోనే పోగొట్టుకున్నవారు చాలామంది. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ పెన్‌డ్రైవ్‌నూ నెట్‌వర్క్‌నూ రెండింటినీ వాడుకుంది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా యూఎస్‌బీ ఆటోరన్‌ను ఆపేసే అప్‌డేట్ పంపాక ఈ జాతి తగ్గుముఖం పట్టింది. పైరసీ దొరికిపోతుందని అప్‌డేట్లు ఆపుకున్న యంత్రాల్లో మాత్రం అది తగ్గడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ హైదరాబాద్ కేంద్రం ఈ బాధకు మందుగా యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తయారు చేసింది. అనుమతి లేని పెన్‌డ్రైవ్‌లను కంప్యూటరుకు అంటనివ్వకపోవడం దాని పని. అదే కేంద్రం నుంచి వచ్చిన యాప్‌సంవిద్, మనం ఒప్పుకున్న ప్రోగ్రాములను తప్ప వేటినీ నడవనివ్వదు. రోజుకు పదిమంది పెన్‌డ్రైవ్‌లు మారే డీటీపీ బల్లకు ఈ తరహా కాపలా ఏ పేరున్న డబ్బాకూ తీసిపోదు. తెలుగు నేల మీద తయారై తెలుగు వాడుకరులకే తెలియని సాఫ్ట్‌వేర్లలో ఇవి రెండు.

యాంటీవైరస్ ఎలా పట్టుకుంటుంది

మొదటి పద్ధతి పోలిక చూడడం. తెలిసిన ప్రతి వైరస్‌కూ ఒక గుర్తు ఉంటుంది. ఫైలులో ఆ గుర్తు కనిపిస్తే పట్టుకుంటుంది. రోజూ అప్‌డేట్ కావాలనేది అందుకే. రెండోది నడవడిక చూడడం. ఒక ప్రోగ్రాము నిమిషంలో వందల ఫైళ్లను తెరిచి తిరగరాస్తుంటే, దాని పేరు ఏ పట్టీలో లేకపోయినా ఆపేస్తుంది. మూడోది, అనుమానం ఉన్న ఫైలు వివరాన్ని కంపెనీ సర్వరుకు పంపి అక్కడి నుంచి తీర్పు తెప్పించుకోవడం. ఈనాటి యాంటీవైరస్‌లు ఎక్కువగా ఆధారపడేది ఈ మూడో దాని మీదే. కాబట్టి నెట్ లేనప్పుడు అన్నిటి బలమూ ఒకేలా ఉండదు. ఇన్స్‌బ్రుక్‌లోని ఏవీ-కంపారిటివ్స్ సంస్థ నెట్ ఉన్నప్పటి, లేనప్పటి పట్టును వేర్వేరుగా కొలిచి ప్రకటిస్తుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ నెట్ ఉన్నప్పుడు ముందు వరుసలో నిలబడుతుంది, నెట్ తీసేస్తే వెనకబడుతుంది. నగరంలో ఈ తేడా ఎవరికీ పట్టదు. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టినప్పుడే నెట్ ఉండే ఇంటి కంప్యూటరుకు, అందులోనూ పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా తిరిగేదానికి, ఇది పట్టించుకోవలసిన తేడా.

యాంటీవైరస్ కూడా ఒక ప్రోగ్రామే, అది కూడా తప్పులు చేస్తుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అసలైన సిస్టమ్ ఫైలును వైరస్ అనుకొని తీసేసింది, యంత్రాలు లేవలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్ ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. అది సంస్థలు వాడే సాఫ్ట్‌వేరు, ఇళ్లలో ఉండదు. యాంటీవైరస్‌కు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎంత లోతు అధికారం ఇస్తున్నామో మాత్రం అది చూపించింది. ఒకటే కంప్యూటరులో రెండు యాంటీవైరస్‌లు వేస్తే భద్రత రెట్టింపు అవుతుందనుకోవడం పొరపాటు. రెండూ ఒకే ఫైలు మీద పడి యంత్రాన్ని ఈడ్చుకునేలా చేస్తాయి.

విండోస్‌తో వచ్చేది సరిపోతుందా

పదేళ్ల కిందటి సలహా ప్రకారం సరిపోదు. ఇప్పుడు చాలా ఇళ్లకు సరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2004 చివర జెయింట్ అనే చిన్న కంపెనీ తయారు చేసిన స్పైవేర్ నిరోధకాన్ని కొని డిఫెండర్‌గా మార్చింది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచిత యాంటీవైరస్‌ను విడిగా ఇచ్చింది. 2012లో విండోస్ 8తో దాన్ని డిఫెండర్ పేరుతో విండోస్‌లోనే కలిపేసింది. మొదట్లో పరీక్షల్లో అది అట్టడుగున ఉండేది, ఆ చెడ్డపేరు దుకాణాల్లో ఇంకా చలామణిలో ఉంది. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ రక్షణకు, వేగానికి, వాడకపు సౌకర్యానికి ఆరేసి చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. ఇటీవలి ఏళ్లలో డిఫెండర్ చాలాసార్లు ఆ 18కి 18 తెచ్చుకుంది.

అయితే డిఫెండర్‌లో మనం ఆన్ చేసుకోవలసిన ఒక ఏర్పాటు మూలన పడి ఉంటుంది. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) రక్షణ కింద ఉండే ఆ ఏర్పాటును ఆన్ చేస్తే, మనం చెప్పిన ఫోల్డర్లలోని ఫైళ్లను నమ్మకమైన ప్రోగ్రాములు తప్ప వేరేవి మార్చలేవు. ట్యాలీ డేటా ఫోల్డరును, ఫొటోల ఫోల్డరును అందులో చేర్చుకోవాలి. ట్యాలీ మొదట్లో తనను ఆపేశారని మొరపెట్టుకుంటే దాన్ని నమ్మకమైన పట్టీలో పెడితే చాలు. మరో సంగతి, కొత్త ల్యాప్‌టాప్‌లలో మెకాఫీ వంటివి ట్రయల్‌గా ఎక్కించి వస్తాయి. అవి ఉన్నంతకాలం డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. ట్రయల్ గడువు తీరాక రోజూ కనిపించే హెచ్చరిక పెట్టెను మూసేస్తూ సంవత్సరాల తరబడి వాడేవాళ్లున్నారు. దాన్ని పూర్తిగా తీసేస్తే డిఫెండర్ తనంతట తానే పనిలోకి వస్తుంది.

దుకాణంలో జరిగేది

అసలు చిక్కు ఇక్కడ ఉంది. కంప్యూటరు నెమ్మదిస్తే దుకాణానికి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించడం ఈ ప్రాంతపు అలవాటు. కొన్ని వందల రూపాయలకు విండోస్ వేసి, ఆఫీసు వేసి, ఫొటోషాపు వేసి, పేజ్‌మేకరు వేసి, తెలుగు టైపింగుకు అను స్క్రిప్టు మేనేజరు వేసి ఇస్తారు. ఇందులో డబ్బు కట్టి కొన్నవి ఎన్ని అని అడిగేవారు లేరు. పైరసీ విండోస్‌ను అసలైనదిగా చూపించే యాక్టివేటరును డిఫెండర్ వెంటనే పట్టుకుంటుంది. కనుక వేసేవాడు ముందు డిఫెండర్‌ను ఆపుతాడు, తరువాత ఆ ఫోల్డరును మినహాయింపు పట్టీలో పెడతాడు. కొందరు తొందరలో సీ డ్రైవ్ మొత్తాన్నే మినహాయింపులో పెట్టేస్తారు. ఇంటికొచ్చిన యంత్రంలో డిఫెండర్ గుర్తు పచ్చగానే కనబడుతుంది. కానీ అది చూడవలసిన చోట చూడదు. అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ పోతుందని అప్‌డేట్లు కూడా ఆపేస్తారు.

ఇలా వేసిన విండోస్ మీద డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనడం చెదలు తిన్న తలుపుకు కొత్త తాళం వేయడమే. యాక్టివేటర్లలో కొన్ని తమ పని తప్ప వేరే ఏమీ చేయని మాట నిజమే. కానీ ఇళ్లలోని కంప్యూటర్లను ఏళ్లపాటు ఎక్కువగా పీడించిన రాన్సమ్‌వేర్ కుటుంబం స్టాప్, దాని మరో పేరు డిజావూ, ప్రధానంగా వ్యాపించింది ఈ క్రాక్‌లు, కీజెన్‌ల ద్వారానే. ఫొటోషాపు క్రాక్ అని తెచ్చుకున్నది పెళ్లి ఫొటోలన్నింటికీ తాళం వేసేది. యాంటీవైరస్ హెచ్చరించినప్పుడు, క్రాక్‌ను అది ఎలాగూ వైరస్ అంటుందిలే అని దాన్ని ఆపి నడపడం జనానికి అలవాటైంది. ఆ అలవాటును నేరగాళ్లు సరిగ్గా వాడుకున్నారు.

డీటీపీ వాళ్ల ఇబ్బందిని కూడా చెప్పుకోవాలి. తెలుగు అచ్చుపని చాలాకాలం అను ఫాంట్ల మీద, పేజ్‌మేకరు మీద నిలిచింది. పేజ్‌మేకరు చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. వేల పెళ్లి కార్డులు, కరపత్రాలు ఆ ఫైళ్లలోనే ఉన్నాయి. అందుకే పాత విండోస్ ఉన్న యంత్రాన్ని వదులుకోలేరు. అటువంటి యంత్రాన్ని నెట్‌కు కలపకుండా అచ్చుపనికి మాత్రమే ఉంచి, బ్యాంకు పనికి, దరఖాస్తులకు వేరే యంత్రం వాడడమే దీనికి మేలైన మార్గం. నెట్ లేని ఆ పాత యంత్రానికి మాత్రం నెట్ లేకుండా కూడా గట్టిగా పట్టుకునే, అప్‌డేట్‌ను ఫైలుగా దింపుకొని ఎక్కించుకునే వీలున్న యాంటీవైరస్ కొనడం డబ్బు దండగ కాదు. డిఫెండర్‌కు కూడా ఆ అప్‌డేట్ ఫైలు మైక్రోసాఫ్ట్ దగ్గర ఉచితంగా దొరుకుతుంది, కానీ చాలా పాత విండోస్‌లకు అది అక్కరకు రాదు.

ఆధార్ వేలిముద్ర పరికరం పెట్టుకొని బ్యాంకు మిత్ర పని చేసేవారి సమస్య మరొకటి. ఆ పరికరం కోసం వేసే ఆర్‌డీ సర్వీసు కంప్యూటరులోనే 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఒకదాని మీద వింటూ ఉంటుంది. బ్రౌజరులోని పేజీ దానితో మాట్లాడి ముద్ర తీసుకుంటుంది. కొన్ని యాంటీవైరస్‌ల వెబ్ రక్షణ ఈ సంభాషణను తెంచేస్తుంది. ఎదురుగా వృద్ధాప్య పింఛను కోసం వచ్చిన అవ్వ కూర్చొని ఉంటుంది, యాంటీవైరస్‌ను మొత్తం ఆపేయడమే ఆ పూటకు తోచే ఉపాయం. ఆర్‌డీ సర్వీసు ఒక్కదానికి మినహాయింపు ఇవ్వడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు రద్దీ లేని మధ్యాహ్నం పెట్టుకోవాలి.

కొనదలచుకుంటే

అంగట్లో పది పేర్లు కనబడ్డా కంపెనీలు అన్ని లేవు. ఏవీజీని 2016లో అవాస్ట్ కొన్నది. అవీరాను నార్టన్ కొన్నది. 2022లో నార్టన్, అవాస్ట్ కలిసి జెన్ డిజిటల్ అయ్యాయి. ఆ నాలుగు డబ్బాల మధ్య బేరం ఆడడమంటే ఒకే ఇంటి నలుగురితో ఆడడమే. ఉచితం అన్నవాటికి ఖరీదు వేరే రూపంలో ఉండవచ్చు. అవాస్ట్ తన వాడుకరులు ఏ సైట్లు చూశారన్న వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని తేలి, 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ కోటీ 65 లక్షల డాలర్ల చెల్లింపుకు ఒప్పించింది. రష్యాకు చెందిన కాస్పర్‌స్కీని పరీక్షల్లో తప్పుపట్టినవారు తక్కువ. అయినా 2024లో అమెరికా దాని అమ్మకాన్ని, అప్‌డేట్లను నిషేధించింది. భారతదేశంలో ఆ నిషేధం లేదు.

దేశీయ కంపెనీల్లో పుణె క్విక్ హీల్, చెన్నై కె7, ముంబయి ఈస్కాన్ ముఖ్యమైనవి. ఇక్కడి దుకాణంలో మనిషి ఉంటాడు, ఫోన్ చేస్తే హిందీలోనో తెలుగులోనో పలుకుతారు అన్నది వీటికి ఉన్న నిజమైన బలం. దేశీయం అన్నంత మాత్రాన భద్రం అనుకోనక్కర్లేదు. ఈస్కాన్ అప్‌డేట్లు ఎన్‌క్రిప్షన్ లేని దారిలో వెళ్లేవి. ఆ దారిలో దూరి అప్‌డేట్ బదులు మాల్‌వేర్ అందించిన గుప్తీమైనర్ దాడి కథను 2024 ఏప్రిల్‌లో అవాస్ట్ పరిశోధకులు బయటపెట్టారు. అప్పటికి ఆ లోపాన్ని సరిచేశారు. కొనేటప్పుడు ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ తాజా పట్టికలు చూడడం, తక్కువ ర్యామ్ ఉన్న యంత్రమైతే వేగం మార్కులను ముందు చూడడం, రెన్యువల్ ధర మొదటి ధర కన్నా ఎంత ఎక్కువో అడగడం అవసరం. పాస్‌వర్డ్ మేనేజరు, వీపీఎన్, క్లీనర్ అని కలిపి కట్టే మూటలకు ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. అదే డబ్బుకు ఒక బయటి హార్డ్‌డిస్కు వస్తుంది. ఫైళ్ల నకలు తీసి తీగ ఊడదీసి బీరువాలో పెట్టిన హార్డ్‌డిస్కును ఏ రాన్సమ్‌వేరూ తాకలేదు.

ఫైర్‌వాల్

విండోస్‌లో ఫైర్‌వాల్ మొదట్నుంచీ ఆన్‌లో ఉండడం 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తో మొదలైంది. అంతకుముందు ఏడు బ్లాస్టర్, ఆ ఏడు వేసవిలో సాసర్ అనే వార్మ్‌లు, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే, నెట్‌కు తగిలించిన కంప్యూటరులోకి నేరుగా దూరాయి. ఆ రోజుల్లో జోన్‌అలారం వంటి ఫైర్‌వాల్‌ను విడిగా వేసుకోమని చెప్పడం సబబే. ఇప్పుడు ఇంటి కంప్యూటరుకు విడి ఫైర్‌వాల్ కొనడానికి కారణం కనిపించదు. ప్రతి ప్రోగ్రాముకూ అనుమతి ఇవ్వాలా అని అడిగే ఫైర్‌వాల్‌లు రెండు రోజులు జాగ్రత్త నేర్పి, మూడో రోజు నుంచి చూడకుండా అవును నొక్కడం నేర్పుతాయి.

ఉన్నదాన్ని సరిగా పెట్టుకోవడంలోనే తేడా వస్తుంది. కొత్త నెట్‌వర్క్‌కు కలిసినప్పుడు అది పబ్లిక్కా ప్రైవేటా అన్న అమరికలో, కాలేజీ హాస్టల్ వైఫై, బస్టాండు వైఫై, ఎవరిదో హాట్‌స్పాట్ అయితే పబ్లిక్ అనే ఉంచాలి. ఇంట్లో ప్రింటరు పంచుకోవలసి ఉంటేనే ప్రైవేటు. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో రూటరు కూడా ఒక ఫైర్‌వాలే. బయటి నుంచి అడగని సంభాషణను అది లోపలికి రానివ్వదు. కానీ రూటరు నిర్వహణ పాస్‌వర్డు కంపెనీ పెట్టినదే ఉంటే ఈ కాపలా పేరుకే. 2017 జులైలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు పెద్ద సంఖ్యలో మాల్‌వేర్ బారిన పడింది ఆ పాత పాస్‌వర్డ్ మార్చని కారణంగానే. వైఫై పాస్‌వర్డుగా ఇంటాయన ఫోన్ నంబరు పెట్టడం మన పల్లెల్లో ఇంచుమించు ఆచారం. ఆ నంబరు దుకాణం బోర్డు మీద కూడా ఉంటుంది.

జియో వంటి నెట్‌వర్క్‌లు ఎక్కువగా ఐపీవీ6 చిరునామాలు ఇస్తాయి. పాత పద్ధతిలో ఒక చిరునామా వెనక ఇంటి పరికరాలన్నీ దాక్కునేవి. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ ప్రపంచమంతా చేరగల సొంత చిరునామా ఉంటుంది. హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫైర్‌వాల్ ఆపకూడదనడానికి ఇది బలమైన కారణం.

వ్యాపారుల ఇళ్లలో జరిగే ప్రమాదం వేరు. ఇంట్లోని ట్యాలీని అకౌంటెంటు నిజామాబాద్ నుంచి చూసుకోవడానికి వీలుగా రిమోట్ డెస్క్‌టాప్ కోసం రూటరులో 3389 పోర్టును తెరిచి పెడతారు. ఇంటర్నెట్ అంతటా ఈ పోర్టును వెతుకుతూ తిరిగే యంత్రాలున్నాయి. తెరిచిన కొద్ది గంటల్లోనే తలుపు తట్టడం మొదలవుతుంది. పాస్‌వర్డు ఊహించగలిగినదైతే లోపలికి వచ్చినవాడు చేసే మొదటి పని యాంటీవైరస్‌ను ఆపడం. ఎందుకంటే అతను వచ్చింది యజమాని హోదాలో. ధర్మ, ఫోబోస్ అనే రాన్సమ్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా ఈ దారినే వాడాయి. ఇక్కడ ఏ డబ్బా కొన్నా ప్రయోజనం లేదు. ఆ పోర్టును మూసి, తప్పనిసరైతే వీపీఎన్ ద్వారా మాత్రమే రానివ్వాలి.

అప్‌డేట్ ఆగిన విండోస్

2017 మే 12న వానాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే, మందు ఇచ్చింది. దెబ్బ తిన్నవి ఎక్కువగా ఆ అప్‌డేట్ వేసుకోని విండోస్ 7 యంత్రాలు. రెండేళ్లకు, 2019 వేసవిలో, రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ దాడితో ఆగిపోయాయి.

విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే వీలు పెట్టారు. డిఫెండర్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబరు దాకా వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఈ చివరి మాట విని అంతవరకు దిగులు లేదనుకోవద్దు. యాంటీవైరస్ గుర్తులు కొత్తవైనంత మాత్రాన విండోస్‌లోని రంధ్రాలు పూడవు. విండోస్ 11 సాధారణంగా ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరును, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటును అడుగుతుంది. గల్ఫ్ నుంచి వచ్చిన, బాగానే నడుస్తున్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అవి లేవు.

అటువంటివాటికి లినక్స్ ఒక దారి. మింట్, ఉబుంటు ఉచితం, పాత యంత్రాల్లోనూ నడుస్తాయి, అప్‌డేట్లు ఏళ్లపాటు వస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ ఉద్యమం తెలుగు ముఖంతో లినక్స్‌ను తయారుచేసి చూపింది. బ్రౌజరు, యూట్యూబు, దరఖాస్తులు, యూనికోడ్ తెలుగు వరకు పనయితే లినక్స్ చాలు, అక్కడ విడిగా యాంటీవైరస్ అవసరం ఇంటికి దాదాపు రాదు. అను, ట్యాలీ, వేలిముద్ర పరికరం ఉన్న చోట అది కుదరదు. లినక్స్ వేస్తే సరిపోతుందని సులువుగా చెప్పేవారు ఈ మూడింటినీ మరచిపోతుంటారు.

యాంటీవైరస్ ఆపలేనివి

డిజిటల్ అరెస్టు అని భయపెట్టి డబ్బు లాగేవారినీ, దూరం నుంచి కంప్యూటరును నడిపించే ఎనీడెస్క్ వేసుకోమని ఫోన్‌లో చెప్పేవారినీ యాంటీవైరస్ ఆపలేదు. యజమానే చేతులారా అనుమతి ఇస్తున్నాడు కదా. బ్రౌజరులో పెద్ద శబ్దంతో మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అని నిండా పరుచుకునే పేజీ కూడా ఈ కోవలోదే; ఏ యాంటీవైరసూ ఫోన్ చేయమని అడగదు. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు కంప్యూటరుకు కాక ఫోన్‌కు వల వేస్తాయి. బ్యాంకు పని ఇప్పుడు ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

సోకిన తరువాత

ముందు నెట్ తీసేయాలి, బయటి డిస్కులు ఊడదీయాలి. డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ అనే ఏర్పాటు విండోస్ లేవకముందే వెతుకుతుంది కనుక మొండి రకాలను కూడా పట్టుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో దేశీయ యాంటీవైరస్ కంపెనీల ఉచిత శుద్ధి సాధనాలు దొరుకుతాయి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతా నుంచి ఖాతాకు మారకముందే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. తెలంగాణలో 2023 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ ఫిర్యాదులను చూస్తోంది.

రాన్సమ్‌వేర్ అయితే దుకాణానికి పరుగెత్తి ఫార్మాట్ కొట్టించడం చివరి పని కావాలి. తాళం పడిన ఫైళ్లనూ, వాటితో వచ్చిన బెదిరింపు నోటునూ వేరే డిస్కులోకి ఎత్తి ఉంచాలి. యూరోపోల్, డచ్ పోలీసులు, కొన్ని యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ దగ్గర అనేక రకాల తాళాలకు చెవులు ఉచితంగా దొరుకుతాయి. స్టాప్ కుటుంబంలోని 148 రకాలకు ఎమ్సిసాఫ్ట్ సంస్థ 2019 అక్టోబరులో చెవి ఇచ్చింది. అప్పటికే తాళం పడిన ఫైళ్లను చెరిపేసుకున్నవారికి అది పనికిరాలేదు.